ఫిట్టరు సంచి: మూత బిగుసుకుంది, తీసేదెట్లా?

పోయిన నెల కుక్కరు గ్యాస్కెట్టు గురించి రాసినాను గదా. అది చదివి మా వీధి చివర ఉండే ఒక పెద్దమ్మ గడప దగ్గరికే వచ్చి నిలదీసింది. "కుక్కరు సంగతి చెప్పినావు, బాగుంది. పొద్దున లేస్తే నా పాణం తీసేది నీళ్ళ క్యాను మూత. దాని గురించి రాయవేం?" అని. ఆమె అడిగింది న్యాయమే. ఇంట్లో సమ్మెట కావలసిన పని ఏడాదికి ఒకసారి వస్తుందేమో. మూత తీసే పని రోజుకు పదిసార్లు.

ఈ క్యాన్ల బాధ మన బెంగళూరులో ఎంత ముదిరిందో 2024 మార్చిలో అందరం చూసినాము. బోర్లు ఎండిపోయినాయి. శుద్ధనీటి ఘటకం ముందర, అయిదు రూపాయల కాయిను చేతిలో పట్టుకొని, తెల్లారేసరికే వరుసలు. ఆ వరుసలో నేనూ నిలబడినాను. నా ముందర గార్మెంటు ఫ్యాక్టరీకి పోయే ఒక పిల్ల, డ్యూటీ బస్సుకు పది నిమిషాలు కూడా లేవు, క్యాను మూత రాలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది, చున్నీ చుట్టి తిప్పింది. చివరకు వంగి పళ్ళతో పట్టింది. "అమ్మా, పన్ను పోతుంది" అని నేను అరిచేలోపే మూత అంచు విరిగి పెదవి కోసుకుంది. రక్తం తుడుచుకుంటూనే క్యాను నింపుకొని పోయింది, పాపం. అదే ఏడాది అక్టోబరు 16న కావేరి అయిదో దశ నీళ్ళు తెరిచినారు. రోజుకు 775 మిలియన్ లీటర్లు, ఊరిలో కొత్తగా చేరిన 110 పల్లెలకని. నీళ్ళు వచ్చినచోట వచ్చినాయి. కానీ క్యాన్లు మాత్రం ఏ ఇంట్లోంచీ బయటికి పోలేదు. కొళాయి రోజూ రాని ఇంట్లో క్యానే బావి, క్యానే చెరువు.

పనిముట్ల సంగతికి వచ్చేముందు ఒక మాట చెప్పుకోవాలి. చెప్పడానికి నాకు ఇష్టం లేదు. ఇన్నేళ్ళుగా ఈ సంచి రాస్తున్నాను, ఇది మాత్రం దాటేస్తూ వచ్చినాను.

1980లలో మాట. మిల్లు లైన్లలో ఇళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కొని ఉండేవి. వంట అంతా బత్తీల స్టవ్వు మీదే. నెలకొకసారి రేషన్ అంగడిలో 'సీమెఎణ్ణె' ఇచ్చే రోజున లైను లైనంతా క్యాన్లు పట్టుకొని పరుగు. పక్కింటి వదిన క్యాను కారుతోందని నా దగ్గరికి తెచ్చింది. నేను మిల్లులో ఫిట్టరును. నా దగ్గరికి వచ్చిన వస్తువు కారుతూ తిరిగి పోతే నాకు నామోషి. మూత తీసి చూస్తే లోపలి రబ్బరు వాషరు ఎండి పగిలి ఉంది. కొత్త వాషరు వేయాలి. అది బజారుకు పోయి తెచ్చే పని, నాకు రెండో షిఫ్టుకు టైమవుతోంది. పైపు రెంచి తీసినాను, మూతను పట్టినాను, ఒక్క తిప్పు తిప్పినాను. కారడం ఆగిపోయింది. "ఇంక చుక్క కారదు వదినా" అని మీసం తిప్పి మరీ ఇచ్చినాను.

చుక్క కారలేదు నిజమే. చుక్క రాలేదు కూడా. సాయంత్రం స్టవ్వులో పోసుకోవడానికి ఆమె చేత ఆ మూత ఊడలేదు. మొగుడు రాత్రి షిఫ్టు. ఎవరినో పిలిచి తీయించుకొంది. రోజూ ఎవరిని పిలుస్తుంది? తెరిచినప్పుడే ఒక సోడా సీసాలోకి పోసి పెట్టుకొంది, స్టవ్వు పక్కనే, చేతికి అందేట్టు. ఆ సీసా ఆమె రెండేళ్ళ కొడుక్కు కూడా చేతికి అందింది.

వాడు ఒక గుక్క తాగినాడు. అరుపులు విని లైనంతా చేరింది. ఎవరో ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించినారు. మంచికేననుకొని చేసినారు. ఆస్పత్రిలో డాక్టరు అదే తప్పన్నాడు. కిరసనాయిలు కడుపులో ఉన్నంతసేపు చేసే చెడుపు తక్కువే. వాంతి వచ్చేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి జారితే, అక్కడ మంట పుట్టి నిమోనియా లాగా వస్తుందట. పిల్లవాడు పది రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి బయటపడినాడు. ఇప్పుడు వాడికే పిల్లలున్నారు. వదిన ఎప్పుడూ నన్ను ఒక్క మాట అనలేదు. మూత గట్టిగా ఉండబట్టే సీసాలో పోసినానని ఆస్పత్రి వరండాలో ఎవరికో చెబుతుంటే నేను వెనక నిలబడి విన్నాను. అంతే.

అందుకే ఈ నెల రాసేది మూత తీయడం గురించే అయినా, సగం మూత వేయడం గురించి కూడా.

ముందు మూత ఎందుకు బిగుసుకుంటుందో చూద్దాం. కారణం తెలియకుండా బలం పెడితే విరిగేది మూతైనా కావచ్చు, మణికట్టైనా కావచ్చు. మన బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు. క్యాను మూతి దగ్గర చెమ్మ ఆరి ఆరి తెల్లగా సున్నం పేరుకుంటుంది. అది మరల మధ్య సిమెంటులాగా పట్టుకుంటుంది. దీనికి బలం వద్దు, పులుపు చాలు. చింతపండు పులుసు గానీ నిమ్మరసం గానీ గుడ్డను ముంచి మూత చుట్టూ చుట్టి ఒక గంట ఉంచండి. రాగిచెంబు తోమినట్టే సున్నం కరుగుతుంది. తీసినాక మరలను పాత టూత్ బ్రష్షుతో కడిగితే మళ్ళీ కొన్ని నెలలు ఆ బాధ ఉండదు. ఇసుక, దుమ్ము పడినా ఇదే తంతు. లారీ నీళ్ళు పట్టుకునే చోట క్యాను మూతను నేలమీద బోర్లా పెడతాం చూడండి, అక్కడే దుమ్ము అంటుకుంటుంది. వెల్లకిలా పెట్టండి, లేదా కొంగున ముడేసుకోండి.

ఇంకో కారణం గాలి. మధ్యాహ్నం ఎండలో వెచ్చగా ఉన్నప్పుడు మూత బిగిస్తాము. రాత్రికి చల్లబడి లోపలి గాలి ముడుచుకుంటుంది. క్యాను బుగ్గలు లోపలికి పోయి ఉంటే అది గుర్తు. అప్పుడు మూతను లోపలినుంచి ఎవరో గుంజి పట్టుకున్నట్టే ఉంటుంది. నీళ్ళ క్యాను అయితే ఒకరు రెండు పక్కలా మోకాళ్ళతో నొక్కి పట్టుకుంటే ఇంకొకరు సులువుగా తిప్పవచ్చు. ఎండలో ఉబ్బిన క్యానుది దీనికి తిరగబడిన కథ. నీళ్ళైనా, నూనె అయినా నీడలో పెట్టి చల్లారనిచ్చి, మొహం పక్కకు తిప్పుకొని, కొంచెం కొంచెంగా వదలాలి.

మూడోది మర తప్పడం. మూతను వంకరగా ఎక్కిస్తే ఒక మర మీద ఇంకో మర ఎక్కి కూర్చుంటుంది. మూత ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి కనిపిస్తే ఇదే. వేసేటప్పుడు ముందు వెనక్కి, అంటే తీసే దిక్కుకు, ఒక చుట్టు తిప్పండి. చేతికి 'టక్' మని ఒక చిన్న దిగుడు తెలుస్తుంది. అక్కడ్నుంచి ముందుకు తిప్పితే మర తప్పదు. మిల్లులో కొత్తగా వచ్చిన అప్రెంటిసుకు మా మేస్త్రి మొదటి రోజు నేర్పించింది ఇదే. నట్టుకైనా, మూతకైనా ఒకటే.

చివరిది, అన్నిటికంటే ఎక్కువగా చూసేది, మనమే. బిగించేవాడిది ఒక చెయ్యి, తీసేవారిది ఇంకో చెయ్యి. ఇంట్లో బలమైన మగవాడు రాత్రి బిగించిపోతాడు, పొద్దున ముసలామె తీసుకోలేక కూర్చుంటుంది. మా ఇంటావిడ వైండింగులో చేసిన మనిషి. రోజుకు ఎన్ని వందల ముళ్ళు వేసిందో ఆ బొటనవేళ్ళకే తెలుసు. ఇప్పుడు వేళ్ళ మొదట్లో కీళ్ళు వాచి గరిటె పట్టుకోవడమే కష్టం. మిల్లుల్లో చేసిన ఆడవాళ్ళలో, ఇప్పుడు గార్మెంట్లలో కత్తెర పట్టేవాళ్ళలో ఈ నొప్పి లేనివాళ్ళు నాకు తక్కువే కనిపించినారు. వాళ్ళకు 'ఇంకా గట్టిగా తిప్పు' అని చెప్పడం ఉత్తమాట. చేతికి బలం రాదు, కాబట్టి చేతికి పొడవు ఇవ్వాలి. ఇక పనిముట్లు.

అన్నిటికంటే చవకైనది సైకిలు ట్యూబు ముక్క. పంచరు అంగడిలో పారేసిన ట్యూబు అడిగితే డబ్బులు తీసుకోడు. స్కూటరు ట్యూబు అయితే ఇంకా మేలు, వెడల్పుగా ఉంటుంది. రెండు వేళ్ళ వెడల్పున అడ్డంగా కోస్తే రింగులాగా వస్తుంది. మూతకు తొడగండి. చిన్న మూతకు వదులైతే రెండు మడతలు వేయండి. చెయ్యి జారడం వల్లే సగం మూతలు రావు. జారకుండా ఉంటే ఉన్న బలమే చాలుతుంది. క్యానును గోడకు ఆనించి, రెండు పాదాల మధ్య అదిమి పట్టి, రెండు చేతులతో తిప్పండి. గడియారం ముల్లుకు ఎదురు దిక్కు. కంగారులో బిగించే దిక్కుకే తిప్పేవాళ్ళను చాలామందిని చూసినాను. చదువుకున్నవాళ్ళు కూడా.

దానికి రాకపోతే పట్టా రెంచి. ఇది నా ముద్దు పనిముట్టు, కొంచెం ఓపికగా చెప్తాను. పాతకాలం మిల్లుల్లో పైన పొడవాటి షాఫ్టు తిరుగుతుండేది, దాన్నుంచి తోలు బెల్టులు కిందికి దిగి మిషన్లను తిప్పేవి. మా మేస్త్రి ఆ కాలం మనిషి. అరిగిపోయిన బెల్టు ముక్కను ఒక కర్రకు బిగించి, నూనె డబ్బాల మూతలకు వాడేవాడు. ఇనుప రెంచి పళ్ళు మూతను కొరుకుతాయి, తోలు కొరకదు, పట్టుకుంటుంది. అదే తేడా.

చేసుకునేది ఇట్లా. ఒక అడుగు పొడవు గట్టి కర్ర, సుత్తి పిడి అంత లావు. పాత చీపురు కట్ట పిడి విరుగుతుంది, వద్దు. ఒక అంగుళం వెడల్పు, రెండడుగుల పొడవు పట్టా. తోలు బెల్టు దొరక్కపోతే స్కూలు బ్యాగు పట్టీ, పాత నడుం బెల్టు, లగేజీ కట్టే నైలాను పట్టా, ఏదైనా పనికి వస్తుంది. నున్నగా ఉంటే లోపలివైపు ట్యూబు ముక్క అంటించండి. పట్టా ఒక కొసను కర్ర చివర బోల్టుతో బిగించండి. మేకు చాలదు, ఊడి వస్తుంది. ఇప్పుడు కర్ర చివరను మూతకు ఆనించి, పట్టాను మూత చుట్టూ తిప్పి, మిగిలిన కొసను కర్రతో కలిపి గుప్పిట్లో పట్టుకోండి. కర్రను తిప్పండి. తిప్పేకొద్దీ పట్టా మూతను ఇంకా గట్టిగా పట్టుకోవాలి. అట్లాకాక జారి ఊరికే తిరిగితే పట్టాను తప్పు దిక్కుకు చుట్టినట్టు. రెంచిని తిరగేసి పెడితే సరిపోతుంది.

ఎంత లాభమో లెక్క చూడండి. మూత వెడల్పు అయిదు సెంటీమీటర్లు అనుకుందాం. ఉత్త చేత్తో తిప్పితే నడిమి నుంచి మీ పట్టు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంది. కర్రను ఇరవై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే దానికి ఎనిమిది రెట్లు. అంటే మా ఇంటావిడ వాచిన చెయ్యి నా చేతికంటే బలమైనది అవుతుంది. అయింది కూడా. ఆమె కోసం చేసిన రెంచి పొయ్యి గట్టు పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది.

అంగట్లో కొనేవి కూడా ఉన్నాయి. ఎస్.పి. రోడ్డు హార్డ్‌వేరు అంగళ్ళలో రబ్బరు పట్టా రెంచి దొరుకుతుంది, ప్లాస్టిక్ పిడితో. మూత అంచుల పళ్ళలో కూర్చునేట్టు గాడి కోసిన పలక స్పానర్లు కూడా ఉన్నాయి. కొనేముందు మీ క్యాను మూతను కోటు జేబులో వేసుకొని పోండి. కంటి కొలతతో కొన్న స్పానరు ఇంటికొచ్చి పట్టదు, మూత కొలతలు కంపెనీకొకటి. డ్రమ్ముల మీద ఉండే రెండు మూతలకు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, వేరే స్పానరు ఉంటుంది, ఒకే పలకకు రెండువైపులా పనికి వచ్చేట్టు. మన ఇళ్ళల్లో దానితో పని తక్కువ. కానీ వాటర్‌మెన్ పని చేసేవాళ్ళు, పెయింటు పనికి పోయేవాళ్ళు ఒకటి ఉంచుకుంటే మంచిది. పెట్రోలు, థిన్నరు డ్రమ్ములకైతే ఇత్తడిది గానీ కంచుది గానీ వాడాలి. ఇనుము ఇనుమును గీస్తే నిప్పురవ్వ లేస్తుంది, ఇత్తడి అట్లా రవ్వ లేపదు.

వద్దనేవి కూడా చెప్పాలి. పైపు రెంచి వద్దు, అది గుండ్రటి మూతను కోడిగుడ్డు చేస్తుంది. కోడిగుడ్డైన మూత మళ్ళీ ఎప్పటికీ సరిగా కూర్చోదు. తలుపు సందులో పెట్టి తిప్పేవాళ్ళున్నారు. మూత వస్తుంది, దానితోపాటు పగులు కూడా. ఉలి, సుత్తి ప్లాస్టిక్ మీద వద్దనే వద్దు. ఇరవై లీటర్ల బబుల్ క్యానుకు మర ఉండదు, మూత నొక్కి పెట్టినది. పక్కన చింపే నాలుక లాంటిది ఉంటుంది. అది తెగిపోతే అందరూ కూరగాయల కత్తి తీస్తారు. కత్తి జారిందంటే పోయేది క్యాను పట్టుకున్న చెయ్యే. మా బంధువుల పిల్ల ఒకతె ఎడమచేతి వేలి నరం తెగి రెండు నెలలు మిషను ఎక్కలేదు. పీసు రేటు మీద చేసే మనిషికి రెండు నెలలంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. నాలుక తెగితే కటింగ్ ప్లేయరుతో మూత అంచును పట్టి, బయటికి గుంజి చింపండి. కత్తి క్యాను దగ్గరికి రానే వద్దు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్తే మీకు బాగుంటుంది. మన తాతల కాలంలో కిరసనాయిలు తగరం డబ్బాలలో వచ్చేది, సుమారు పద్దెనిమిది లీటర్లవి. నూనె అయిపోయినాక ఆ డబ్బా పైరేకు కోసి, అడ్డంగా ఒక కర్ర బిగిస్తే నీళ్ళ డబ్బా. కావడికి రెండు. మన ఊళ్ళల్లో హోటళ్ళకు నీళ్ళు మోసినవాళ్ళంతా ఈ డబ్బాలతోనే మోసినారు. నాలుగు డబ్బాల రేకు సాపు చేస్తే గుడిసెకు తలుపు. కానీ పలుచని రేకు, అతుకుల దగ్గర కారేది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు సైన్యం ఉత్తర ఆఫ్రికా ఎడారికి పెట్రోలు ఇటువంటి పలుచని డబ్బాల్లోనే మోసింది. దారి పొడుగునా కారిపోయేది.

జర్మనీవాళ్ళు మాత్రం 1930ల చివర్లోనే ఒక ఉక్కు క్యాను తయారు చేసి పెట్టుకున్నారు. ఇరవై లీటర్లది. జర్మనులను బ్రిటిషు సిపాయిలు 'జెర్రీ' అనేవాళ్ళు, అందుకే దానికి జెర్రీ క్యాను అని పేరు. పైన మూడు పిడులు, ఒకరు మోయవచ్చు, ఇద్దరు పట్టుకొని మోయవచ్చు, ఖాళీవి ఒక్క చేతిలో రెండు పట్టుకోవచ్చు. లోపల గాలిగొట్టం ఉంది కాబట్టి గుటగుటమనకుండా పోస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది మూత. అంతకుముందు వాళ్ళ డబ్బాలకు రెంచి కావాలి, గరాటు కావాలి. దీనికి ఏమీ వద్దు. మర లేదు. మూతకు అతికిన చిన్న మీట, బొటనవేలితో ఎత్తితే తెరుచుకుంటుంది, నొక్కితే మూసుకుంటుంది. మూత క్యానుకే తగులుకొని ఉంటుంది, పోదు. బ్రిటిషువాళ్ళు, అమెరికావాళ్ళు చివరకు దాన్నే నకలు చేసుకున్నారు. చలికి వేళ్ళు కొంకర్లు పోయిన సిపాయి చేతికి అందేట్టు ఆలోచించి చేసినవాడెవడో, వాడి చేతికి మొక్కాలి. మనకు అమ్మే నీళ్ళ క్యాను చేసినవాళ్ళు ముసలిచేతి గురించి ఒక్క పూట కూడా ఆలోచించలేదేమో అనిపిస్తుంది.

కావాలని బిగువుగా చేసిన మూతలు కూడా ఉన్నాయి, వాటిని తిట్టుకోవద్దు. కొన్ని మందుసీసాలకు, యాసిడ్ సీసాలకు నొక్కి తిప్పే మూత ఉంటుంది చూడండి. ఊరికే తిప్పితే టకటకమని తిరుగుతుందే గానీ ఊడదు. అది పిల్లలకు రాకుండా చేసినది. అరచేతితో కిందికి నొక్కిపట్టి తిప్పాలి. అమెరికాలో 2008లో ఒక చట్టమే చేసినారు, ఇళ్ళల్లో వాడే పెట్రోలు క్యాన్లకు పిల్లలు తీయలేని మూతే ఉండాలని. అటువంటి మూత చేతికి కష్టంగా ఉందని దాన్ని తీసి మామూలు మూత పెట్టేవాళ్ళున్నారు. వద్దు. పట్టా రెంచి వాడండి, ఆ మూతను ఉండనివ్వండి.

నూనె క్యాన్ల దగ్గర ఇంకొన్ని. కిరసనాయిలు, పెట్రోలు, డీజిలు, థిన్నరు క్యాను మూత రాకపోతే వేడినీళ్ళు పోయడం, కొవ్వొత్తితో కాల్చడం చేయకూడదు. నీళ్ళ క్యానుకైతే మూత మీద వెచ్చని నీళ్ళు పోస్తే అది కొంచెం పెరిగి వదులవుతుంది. ప్లాస్టిక్ వేడికి ఉక్కుకంటే పదిరెట్లు మించి పెరుగుతుంది, అందుకని ఇనుప మూతి మీద ప్లాస్టిక్ మూతకు ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. నూనెకు మాత్రం వద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పాకి పక్కగదిలో పొయ్యి దాకా పోతుంది. వాకిట్లో తీయండి.

నూనె పోసిన ప్లాస్టిక్ క్యాను ఎన్నిసార్లు కడిగినా నీళ్ళకు పనికి రాదు. వాసన ప్లాస్టిక్ లోపలికే ఇంకిపోతుంది. గుజరీలో చవకగా దొరికే నీలం క్యాన్లు ఏ ఫ్యాక్టరీ నుంచి వచ్చినాయో మనకు తెలియదు. అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటే తాగడానికి మంచిదని కొందరు చెప్తున్నారు. ఆ అంకె ఏ రకం ప్లాస్టికో చెప్తుందే గానీ, అందులో నిన్న ఏం పోసినారో చెప్పదు. ఇంట్లో నూనె క్యానుకు ఎర్ర రంగు పట్టీ చుట్టండి, పిల్లలకు అందని ఎత్తున పెట్టండి. నూనె మూతకు వాడిన రబ్బరు రింగును నీళ్ళ మూతకు వాడొద్దు, రెండు ముక్కలు కోసుకుంటే పోయేదేముంది.

తాగే సీసాలో, సోడా సీసాలో నూనెగానీ యాసిడ్‌గానీ ఒక్క పూటకైనా పోయవద్దు. ఒకవేళ పిల్లలు తాగితే వాంతి చేయించకండి, ఉప్పునీళ్ళు పోయకండి. నూనె పడిన బట్టలు విప్పి, ఒళ్ళు సబ్బుతో కడిగి, 108కి ఫోను చేయండి, లేదా ఆటో ఎక్కండి. ఆ సీసాను కూడా తీసుకుపోండి, డాక్టరు అడుగుతాడు. పిల్లవాడు అప్పటికి ఆడుకుంటున్నా సరే ఆస్పత్రిలో చూపించండి, దగ్గు, ఆయాసం కొన్ని గంటల తరవాత మొదలు కావచ్చు.

నీళ్ళ క్యాను మూత కష్టమని తెరిచే వదిలేసేవాళ్ళకు కూడా ఒకటి. డెంగీ దోమ మురుగులో పెట్టదు, ఇట్లాంటి మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. వారం, పది రోజుల్లో దోమ ఎగిరిపోతుంది.

ఇక బిగించే పద్ధతి. మూతను చేత్తో తిప్పుతూ పోతే ఒకచోట వాషరు తగిలి ఆగుతుంది. అక్కడినుంచి పావు చుట్టు. అంతే. దానికీ కారితే వాషరు పోయింది, మూత తప్పు కాదు. కొత్త వాషరు కొన్ని రూపాయలు. మూత లోపల చూడండి, సగం క్యాన్లకు వాషరే ఉండదు. రెంచిని బిగించడానికి ఎప్పుడూ వాడొద్దు. మా ఇంట్లో మేకుకు వేలాడే కర్రమీద బొగ్గుతో 'తీయడానికే' అని రాసి పెట్టినాను. మా ఇంటావిడ చదివి, "ఇది నా కోసమా, నీ కోసమా?" అంది.

వచ్చే రెండు ఆదివారాలు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా మా ఇంటి ముందర కానుగ చెట్టు కింద కూర్చుంటాను. పాత ట్యూబు, పట్టా, అడుగు కర్ర తెచ్చుకోండి. బోల్టులు నా దగ్గర ఉన్నాయి. మూత రాని క్యానుంటే అట్లాగే తీసుకురండి, నూనె క్యానైతే ఖాళీది మాత్రమే.